ఖాట్మండు మ్యాచ్‌కు రెండో మనిషి

ఆసిఫాబాద్

మా బిడ్డ ప్రవళిక బాపుకు,

నరకాసురుడి మీదికి పోయేనాడు కృష్ణుడు గరుడుడి మీద ఎవరిని కూర్చోబెట్టుకున్నాడు? చెప్పు! దొర కొడుకునా? సత్యభామను! దశమ స్కంధం తెరిచి చూసుకో.

నువ్వేమో ఖాట్మండులో ఇండియా, నేపాల్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు దొర కొడుకు విద్యాధర్‌ను వెంటేసుకుని పోతున్నావట. మన గల్లీ యాదవ్వ ఇక్కడ నేను చెప్పే భాగవత సప్తాహానికి వచ్చి అందరిలో అననే అన్నది: "నీ పెనిమిటి, దొర కొడుకు కలిసి స్వెటర్లు కొంటుండ్రు. కొత్త పెండ్లి జంట లెక్క ఏం ముచ్చట్లు!" ఆడవాళ్లంతా నవ్వారు. ప్రవచనం పీఠం మీద ఉన్నాను కాబట్టి నేనూ నవ్వాను. కడుపులో పొయ్యి రాజుకుంది.

ఇన్నేళ్లు టీవీ ముందు నీ పక్కన కూర్చున్నది ఎవరు? గీత లాగే ఆఫ్‌సైడ్ కూడా ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. విద్యాధర్‌కు కార్నర్ అంటే ఏందో తెలియదు!

సరే, పో. కానీ విను. సరిహద్దు దగ్గర ఆధార్ నడవదు, ఓటరు కార్డు పెట్టుకో. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడినుంచి సునౌలీకి బస్సు. వంద నోట్లే ఎక్కువ ఉంచుకో. మనవాళ్లు కూర్చునే వైపే కూర్చో. మనవాళ్లు గోల్ కొడితే నేపాల్ వాళ్ల మధ్యన గంతులేయకు. జెండాకు కర్ర వద్దు, గేటు దగ్గర గుంజుకుంటారు. ఆట అయ్యాక జనం పలుచబడే దాకా కదలకు. తప్పిపోతే ఎక్కడ కలవాలో ముందే అనుకోండి. చలికి నీ మోకాలు పట్టేస్తే విద్యాధర్ నూనె రాస్తాడా?

పారిజాతం ఒక్కటి రుక్మిణికి ఇచ్చినందుకే సత్యభామ అలిగింది. నువ్వు నా చోటే ఇచ్చేశావు. ఇక నీ పక్కన కూర్చుని ఏ మ్యాచూ చూడను. ఇది నా ఒట్టు.

అనసూర్య

కాగజ్‌నగర్

అనసూర్యా,

ముందు నీకే ఫోన్ చేశాను. సప్తాహం ఏడు రోజులు ఫోన్ ముట్టవని తెలిసీ చేశాను. ఆసిఫాబాద్ బస్టాండు దాకా వచ్చి వెనక్కి తిరిగాను. పీఠం మీదున్న మనిషిని ఆట కోసం దిగమని ఎట్లా అడగను? నీ వెంట భజన పాడే నర్మద ఒక్క అధ్యాయం చదువుతానంటేనే "నా పీఠం మీద ఇంకొకరా?" అని లేచినదానివి. నువ్వు దిగవనుకుని విద్యాధర్‌ను పిలిచాను. నీ ఉత్తరం సంగతి చెబితే వాడు, "వదిన వస్తె నాకెందుకన్నా? నాకు గా చలే పడది" అన్నాడు. ఎల్లుండి బండి. తత్కాల్ టికెట్లు రేపు పొద్దున్నే తీయాలి. యాదవ్వ చేతికే జవాబు ఇచ్చి పంపు.

నీ నాగరాజు

ఆసిఫాబాద్, తెల్లవారి

ప్రవళిక బాపూ,

నర్మద గొంతు నా గొంతుకన్నా తియ్యన. అందుకే ఇన్నాళ్లు పీఠం అంచు కూడా తాకనివ్వలేదు. నా చోటు ఎవరికీ ఇవ్వను, నీ పక్క చోటూ ఎవరికీ పోవద్దు! "కామ ఏష క్రోధ ఏష", కోరికే, కోపమే మనిషికి పగ అని ఊరూరా అరిచిన నోరే ఇది.

ఇవాళ తెల్లవారుజాము పారాయణానికే భాగవతం ఆమె చేతిలో పెట్టాను. "తప్పులు పోతె ఎట్లక్కా?" అంది. "పోతె పోనియ్యి. దేవుడు ఇంటడు గని మార్కులెయ్యడు" అన్నాను. ఒక్క తప్పూ పోలేదు. కింద కూర్చుని వింటూ ఇది రాస్తున్నాను. కడుపు ఇంకా మండుతూనే ఉంది, దాచను. అయినా మళ్లీ పీఠం ఎక్కను. మిగిలిన రోజులూ ఆమెవే. నా ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను, సాయంత్రం బస్సుకు వస్తాను.

యాదవ్వ మొదటి బస్సుకే వస్తోంది. బీరువాలో నా ఓటరు కార్డు తీసుకో. చాయ్ తర్వాత తాగొచ్చు. కౌంటర్ తెరవకముందే లైన్‌లో నిలబడు, రెండో పేరు నాది రాయించు. ఇవాళ తప్పితే బండి లేదు. చెప్పులేసుకో, ఇప్పుడే ఉరుకు!

నీ అనసూర్య