జానెడు దూరం

జూన్ 3
బాత్రూమ్ కొత్తగా చేయిస్తున్నాం. గోడలోకి ఒదిగిపోయే లైట్లు పెడతారట. పైనుంచి వెలుగు పడితే నాయనమ్మకు కళ్లు జిగేలుమంటాయని నాన్న ఆలోచన. ఇంత హంగు దేనికిరా, నన్ను నేను చూసుకుని జడుసుకోవడానికా అంది నాయనమ్మ.

జూన్ 5
ప్లంబర్ పైపు వేసి వెళ్లాడు. ప్లాస్టరింగ్ అయితే కనబడదు కదా, ఎక్కడుందో కొలిచి రాసిపెట్టమని నాన్న నాకు అప్పజెప్పాడు. టేప్ వెతకలేదు. చెయ్యి గోడకు ఆనించి చూసి, 'కిటికీ అంచు నుంచి జానెడు దూరంలో, నిటారుగా' అని రాశాను. జానెడు! ఎంత బాగుందో. సెంటీమీటర్లలో ఏముంది?

జూన్ 11, మధ్యాహ్నం
ఎలక్ట్రీషియన్ నా కాగితం చదివి, తన జానతో కొలిచి పెన్సిల్ గీత గీశాడు. పైపు అక్కడుందనుకుని, దానికి ఇవతల, కిటికీ వైపు లైటు కోసం కట్టర్ పెట్టాడు. నీళ్లు ఎగజిమ్మాయి.
ఆయన జాన నా జాన కంటే మూడు వేళ్లు పెద్దది.
నాన్న కేకలేశాడు. ఇన్నేళ్లుగా ఈ పనే చేస్తున్నావు, పైపు ఎక్కడుందో చూసుకోవద్దా అన్నాడు. ఆయన కాగితం చూశాడు. నా చెయ్యి చూశాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పొరపాటు తనదేనన్నాడు.
నేను నేల తుడిచాను. బుద్ధిమంతురాలివని అమ్మ మెచ్చుకుంది.

జూన్ 12
అన్నం సహించలేదు.

జూన్ 14
ఆయన్ను ఇక రావద్దన్నారు. ఎదురింటి పిన్నిగారు తమ ఇంటి వైరింగంతా ఆయనకే ఇద్దామనుకుందట. ఆయనకు పనితనం లేదని నాన్న చెప్పాడు. పనితనం నాకు ఇష్టమైన మాట. ఈరోజు వింటే ఒళ్లు ముడుచుకుపోయింది.

జూన్ 15
కాలేజీ నుంచి నేరుగా ఆయన కొట్టుకు వెళ్లాను. ఫ్యాన్ విప్పుతున్నాడు. తప్పు నాదేనని చెప్పాను. తెలుసు తల్లీ అని స్టూల్ జరిపాడు. గుండె తేలికైంది. సిగ్గులేకుండా నవ్వాను కూడా.
అప్పుడు తలెత్తకుండానే అడిగాడు.
"మీ నాన్నగారితో చెప్పావా?"
ఇంటికి ఎలా వచ్చానో తెలియదు.

జూన్ 16
సాయంత్రం పిన్నిగారు వచ్చింది. ఆవిడ ఉండగానే నాన్నతో చెప్పేశాను. నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. నన్నూ వేసుకోమన్నాడు.