పన్నెండో డబ్బా

ఆళ్లగడ్డ,
6-10-2003

సున్నిపెంటలో డ్యాము ఇంజనీరైన డేవిడ్ బావకు,

ఈడ ట్రాన్స్‌ఫార్మర్ తప్ప అందరం బాగుండాం. ఈ పంటకే అది రెండుసార్లు కాలింది.

పోయిన నెల నువ్వొచ్చి చెప్పినావు గదా, "కరెంటోళ్లను తిట్టేది ఆపండప్పా. తప్పు మీ ఆటో స్టార్టర్లదే. కరెంటు రాంగానే పన్నెండు మోటార్లూ ఒక్కసారే లేస్తే కాలకేం చేస్తాది" అని. ఎనిమిదో తరగతి ఎగ్గొట్టిన నాకే అర్థమయింది. నువ్వు బస్సెక్కినాక చేన్లన్నీ తిరిగి, తిట్లు తింటా పదకొండు స్టార్టర్ డబ్బాలు పీకేసినా.

పన్నెండోది మీ నాయనది.

"వాడు డ్యాములో ఇంజనీరు, నా చేన్లో కాదు. కరెంటు ఎప్పుడొస్తాదో చెప్పమను, ఆ పొద్దే పీకుతా" అంటాండాడు మామ.

ఇంజనీరు ఇంట్లో లేని నియమం మాకేందని తక్కినోళ్లు ఆదివారం మళ్లా బిగిస్తారంట. ఈసారి కాలితే నంద్యాలకు పోయి బాగై వచ్చేసరికి పదైదు దినాలు. వరి పొట్ట మీదుంది, నీళ్లు లేకుండా అన్ని దినాలు ఆగదు.

శనివారమే రా. నువ్వు డబ్బా పీకు, నేను మామను పట్టుకుంటా.

మామ అడిగినదానికి జవాబు కూడా దొరికింది. కరెంటు ఎప్పుడొచ్చినా నేనే చేన్లెంబడి పరిగెత్తి, ఒకటి తర్వాత ఒకటి పన్నెండు మోటార్లూ వేస్తా. నాకు కాలు ఒకచోట నిలవదని ఎగతాళి చేసేది నువ్వే గదా బావా.

నీ బావమరిది