బావగారి కార్డులో తీసేసిన మాట

చిరంజీవి మేనకోడలికి,

రాత్రిబడిలో చదివి పట్టా పుచ్చుకున్నవాడిని. నా తెలుగులో తప్పులుంటే మన్నించు.

మీ నాన్నగారి సంస్మరణ కార్డుకు నీవు "దళిత కార్మిక నాయకుడు" అని రాసిచ్చావు. మా ప్రెస్సులో ప్రూఫు దిద్దుతూ మొదటి మాట తీసేసింది నేనే. చోటు చాలలేదని నీతో అబద్ధమాడాను. పదహారేళ్లుగా ఈ ప్రెస్సులో మన కులం దాచుకుని తలెత్తుకు తిరిగాను.

"నలిగిపోయామని ఏడవడానికి కాదు బావమరిదీ, నలిపినవాళ్లున్నారని చెప్పడానికే ఆ మాట! నీ పట్టాలో ఈ పాఠం లేదా?" అని బావగారు నన్ను ఆటపట్టించేవారు. బతికినన్నాళ్లూ ఆయన చెప్పుకున్న మాటను, ఆయన పోయాక నేను చెరిపాను.

సభ ఆదివారమే. కార్డులు మళ్లీ అచ్చు కావాలి. ఈ ఉత్తరం ముందు అక్కయ్యకు చదివి వినిపించు. తరువాత మా మేనేజరుగారికి నీ చేత్తోనే ఇవ్వు. దీన్ని తిరిగి నాకిస్తే దారిలో ఆ మాట మళ్లీ కొట్టేస్తానేమోనని భయం.

మీ మామయ్య