నలభై రెండు మేకులు

మార్చి 3

ఈరోజు నుంచి సైట్ ఆఫీసు మా వరండాలోనే. వినోదాల పార్కు కోసం ఇళ్ళు ఖాళీ చేయించే పని కంపెనీ మా ఆయనకి అప్పగించింది. మొత్తం నలభై రెండు ఇళ్ళు. మాది నలభై రెండోది, అన్నిటికన్నా చివర పడుతుంది. ఆ స్థలంలో హోటల్ పార్కింగ్ వస్తుంది.

ఒక చెక్క మీద నలభై రెండు మేకులు కొట్టించాను. కింద నంబర్లు నేనే రాశాను. ఖాళీ చేసినవాళ్ళ తాళంచెవి ఆ నంబరు మేకుకు తగిలించాలి. పొద్దున్నే బుల్డోజర్ డ్రైవర్ వచ్చి బోర్డు చూసుకుంటాడు. కొత్తగా ఏ నంబరుకి తాళంచెవి పడితే ఆ ఇల్లు కూలగొడతాడు. ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. పద్ధతి నాదే. కంపెనీ ఇంజనీరు మెచ్చుకున్నాడు.

మార్చి 6

ఇంజనీరు ప్లాన్ తెచ్చి మా భోజనాల బల్ల మీద పరిచాడు. రోలర్ కోస్టర్, అలలు లేచే వేవ్ పూల్, రెండువందల ఇరవై గదుల హోటల్. రోజుకి పన్నెండు వేల మంది వస్తారట. నేను ఆడవాళ్ళ టాయిలెట్లు లెక్కపెట్టాను. పద్దెనిమిది. సగం మంది ఆడవాళ్ళు, చంకలో పిల్లలు, పైగా తడిబట్టలు, పద్దెనిమిది ఏ మూలకి సరిపోతాయని అడిగాను. ఆయన నన్ను వంటింట్లోకి పొమ్మన్నారు. ఇంజనీరు ముందు నవ్వాడు, తర్వాత పెన్సిల్ తీశాడు. డెబ్బై రెండు చేశాడు.

రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, ఇవాళంతా కాలు నేలమీద నిలవలేదు.

మార్చి 9

పంతొమ్మిదో ఇంటి దర్జీ ఖాళీ చేయనన్నాడు. ఇద్దరు మనుషులు వెళ్ళి అతని కుడిచెయ్యి మోచేతి దగ్గర విరిచారు. తను మాత్రం అటు వెళ్ళనే లేదన్నారు ఆయన. సాయంత్రం ఆయన చొక్కా నానబెట్టాను. కఫ్ మీద రక్తం. చన్నీళ్ళు, ఉప్పు. వేడినీళ్ళు పోస్తే మరక గట్టిపడుతుంది.

తాళంచెవి పంతొమ్మిదికి తగిలించాను.

మార్చి 12

27, 28, 29 కూలాయి. దుమ్ము. ఆరేసిన బట్టలు మళ్ళీ ఉతికాను.

మార్చి 15

ముప్ఫై ఒకటి అక్క వాళ్ళది. వేవ్ పూల్ మెషిన్ రూమ్ సరిగ్గా అక్కడే. ఇద్దరం వెళ్ళాం. అక్క లోపలికి వెళ్ళిపోయింది. బావగారే మాట తేలిక చేశారు. "అలలు నా మంచం మీదకే రావాలా మరదలా? నాకు ఈత కూడా రాదే" అన్నారు. నాకు నవ్వొచ్చింది. మా ఆయనకి రాలేదు. నెలాఖరుకి 31 పడకపోతే ఆయన స్థానంలో ఇంకొకర్ని పెడతారట. దారి పొడుగునా పళ్ళు నూరుతూనే ఉన్నారు.

మార్చి 18, సాయంత్రం 6:10

అక్క తన కూతురి కాన్పుకి వెళ్ళింది, నాలుగు రోజులు. బావగారిది కోల్డ్ స్టోరేజీలో నైట్ డ్యూటీ. పొద్దున ఆరున్నరకి వచ్చి చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటారు. తలుపు కొట్టి లేపకుండా లోపల అన్నం పెట్టి రమ్మని అక్క రెండో తాళంచెవి ఇచ్చింది. దానికి కాగితం ముక్క కట్టి 'అక్క' అని రాశాను. వంటింట్లో గరిటెల పక్క మేకుకు తగిలించాను.

మార్చి 20

ఏడు నలభైకి బుల్డోజర్ చప్పుడు. ఇవాళ ఏ ఇల్లో అనుకున్నాను. కూర మాడకుండా కలుపుతూనే ఉన్నాను.

ముప్ఫై ఒకటి.

దూలం బావగారి ఛాతీ మీద పడింది. నోటినిండా మట్టి. వేలు పెట్టి తీశాను, ఎంత తీసినా వస్తూనే ఉంది. చెవుల్లో దూది తెల్లగా అలాగే ఉంది.

డ్రైవర్ కింద కూలబడి, "తాళం బోర్డు మీదుందమ్మా, బోర్డు మీదుందమ్మా" అంటూనే ఉన్నాడు. జనం ఇటుకలతో కొట్టారు. ఒక కన్ను పోయింది. నేను ఆపలేదు.

మార్చి 22

మా ఆవిడకి మేకు ఖాళీగా కనిపిస్తే చెయ్యి ఊరుకోదు, అలవాటులో తగిలించేసింది పాపం అని ఆయన అందరికీ చెప్పారు. అందరూ నమ్మారు. ఒక పూట నేనూ నమ్మాను.

అక్క వచ్చింది. చెంప మీద కొట్టింది, మళ్ళీ కొట్టింది. నేను లెక్కపెట్టలేదు. వెళ్తూ గుమ్మంలో ఆగింది. "తాళం నీకిచ్చానే. నీకు" అంది.

మార్చి 23

డైరీ తెరిచి చూశాను. పద్దెనిమిదో తారీఖు. గరిటెల పక్క మేకు.

ఆయన్ని నెమ్మదిగానే అడిగాను, అక్కణ్ణించి ఎవరు తీశారని. అన్నం కలుపుకుంటూ చెప్పారు: "పడుకున్నాడని తెలుసు. చప్పుడుకి లేచి పారిపోతాడనుకున్నా. దూది సంగతి నాకేం తెలుసు?"

ఆ పేజీ చింపి ఇవ్వమన్నారు. ఇవ్వనన్నాను. నా కుడిచెయ్యి సొరుగులో పెట్టి మూశారు. మూడుసార్లు.

మార్చి 25

మొన్నటి నుంచి ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు ఒకటో క్లాసు పిల్లవాడివిలా ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ మా వరండాలోనే టీ తాగాడు. డైరీలో పద్దెనిమిదో తారీఖు పేజీ చూపించాను. దస్తూరీ ముత్యాల్లా ఉందన్నాడు. భార్య రాసుకున్న రాతలు సాక్ష్యం కావన్నాడు. అక్కాచెల్లెళ్ళ మధ్య పాత గొడవలేమైనా ఉన్నాయా అని అడిగాడు. చేతికి ఆ కట్టేమిటని మాత్రం అడగలేదు. పార్కు తెరిచిన రోజు తన కుటుంబానికి ఆరు పాసులు కావాలని ఇంజనీరుతో చెప్పి వెళ్ళాడు.

మార్చి 28

కొత్త డ్రైవర్ వచ్చాడు. ఆయన అదే పద్ధతి చెప్పారు: తాళం ఉంటే కూల్చు, లేకపోతే వెళ్ళిపో. 31 శిథిలాలు ఎత్తేశారు. బోర్డు మీద ఖాళీ మేకు ఇక ఒక్కటే, మాది. కంపెనీ క్వార్టర్‌కి మారడానికి సామాను సర్దుతున్నాను. గిన్నెలు, బట్టలు, మిషను అన్నీ గేటు బయటికి చేరాయి. ఆయన మంచం మాత్రం మిగిలింది.

ఆయనకి నిద్ర పట్టడం లేదు. పొద్దున ఆరింటికి రెండు మాత్రలు వేసుకుంటారు. పదింటిదాకా పిడుగు పడినా లేవరు.

మార్చి 31, ఉదయం 7:35

గేటు బయట ట్రంకుపెట్టె మీద కూర్చుని రాస్తున్నాను. ఆయన చెవుల్లో దూది పెట్టాను. తలుపుకి తాళం వేశాను. బోర్డు గేటుకి మార్చి, 42కి తాళంచెవి తగిలించాను.

డ్రైవర్ వచ్చి చూసుకున్నాడు. నన్నేమీ అడగలేదు.