తెల్లబడ్డ గడ్డి

అరియున్ వదినకు,

మీరు పట్నం నుంచి గొర్రెల కోసం పంపిన పురుగుల మందు అందింది. పనిచేస్తోందా అని అడిగారు. చేస్తోంది. తాగించగానే గొర్రె కడుపులో పురుగులు చస్తాయి. మర్నాడు అది మళ్లీ ఇదే తడి గడ్డి మేసి, గడ్డితోపాటు కొత్త పురుగుల్ని మింగుతుంది. అవి రక్తం పీలుస్తాయి. కంటి కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లకాగితంలా ఉంటోంది. కొన్నింటికి దవడ కింద నీరు దిగింది.

వానలు మొదలవగానే అందరూ ఓర్ఖోన్ నది ఒడ్డు వదిలి మెట్టకు వెళ్లిపోయారు. మంచం పట్టిన నోర్జిన్‌ను కదిలించలేక మేం ఉండిపోయాం. ఆమె పోయాక కూడా నేను కదలలేదు. పశువైద్యం చదివినవాణ్ణి, తెలియక కాదు. గుడారం విప్పితే ఆమె పడుకున్న చోటు ఆరుబయట పడుతుంది. అది నావల్ల కాదు.

గొర్రెలు అత్తయ్య ఆమెకిచ్చినవి. వచ్చి తోలుకుపొమ్మని చెప్పండి. నేను ఇక్కడే ఉంటాను.

మీ మరిది,
తుమెన్

*

వదినా,

అత్తయ్య వచ్చారు. ఉప్పు టీ కూడా ముట్టకుండా మందలోకి వెళ్లి, నోర్జిన్ సీసాతో పాలు పట్టి పెంచిన గొర్రె రెప్ప లాగి చూశారు.

"చదువుకున్న అల్లుడని కనపడ్డవాళ్లందరికీ చెప్పుకున్నానయ్యా. ఓ చేత్తో మందు పోసి, ఇంకో చేత్తో రోగం మేపుతున్నావా?"

"మీరు తోలుకుపొండి" అన్నాను.

"నా మోకాళ్లు చూశావా? మంద వెనక నువ్వు నన్ను మోస్తావా? లే, గుడారం తాళ్లు విప్పు."

"నావల్ల కాదత్తయ్యా."

"నావల్ల మాత్రం అవుతుందా? అది నా కడుపున పుట్టింది."

ఆవిడే మొదటి ముడి విప్పారు. తర్వాత నేనూ చెయ్యి వేశాను. ఉన్ని కప్పు దిగింది. మంచం కింద గడ్డి ఎండ లేక తెల్లగా పాలిపోయి ఉంది. అత్తయ్య వంగి దాన్ని తడిమారు.

"దీనిక్కూడా రక్తం లేదు. ఎండ తగలనీ" అన్నారు.

ప్రయాణమయ్యేవాళ్ల వెనక మనం పాలు చల్లుతాం. వెళ్తున్నది మేము. అత్తయ్య మాత్రం గిన్నెలో పాలన్నీ ఆ తెల్లటి చోట చల్లి, "జాగ్రత్తగా వెళ్లమ్మా" అన్నారు.

నోర్జిన్ పెంచిన గొర్రె దారిలోనే పోయింది. మెట్ట మీద గడ్డి పొట్టిగా, పొడిగా ఉంది. మిగిలినవాటి రెప్పల్లో ఎరుపు తిరిగి వస్తోంది. అత్తయ్య నా దగ్గరే ఉన్నారు. రోజూ తిడుతున్నారు.

ఒడ్డున ఈపాటికి ఆ గడ్డి కూడా పచ్చబడి ఉంటుంది. చుట్టూ ఉన్నదానిలో కలిసిపోయి ఉంటుంది. నేను చూడటానికి వెళ్లలేదు.

తుమెన్