ఒకరొస్తే ఒకరు

నాన్నా పెద్దోడా,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ అందరం కులాసా. మీ నాన్నా కులాసా, ఆయన దగ్గూ కులాసా. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

కొత్త కుక్కర్ కొన్నావా అని అడిగావు. కుక్కర్లు చేసే ఊళ్లో కుక్కర్ దొరకడం లేదంటే నమ్ముతావా? లోహం కోటా అంతా సైన్యం ఆర్డర్లకే అని ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కుక్కర్లు చేస్తానంటే మా ఫ్యాక్టరీ ఓనరుకు జానెడు రేకు పుట్టదు. ఫిరంగి గుండ్ల తొడుగులు చేస్తాననగానే బ్యాంకు మేనేజరే ఇంటికొచ్చి అప్పిచ్చి వెళ్లాడు. పక్క వీధిలో ఫ్యాన్లు చేసేవాళ్లదీ ఇదే వరస. షిఫ్టు మీద షిఫ్టు నడుస్తోంది. ఊళ్లో పనిలేనివాడు లేడు, మీ బాబాయితో సహా. ఆయన కూడా పనికి వెళ్తున్నాడంటే దేశం ఎంత తొందరలో ఉందో చూసుకో.

యుద్ధం రాదులే అమ్మా, ఊరికే బెదిరింపులు అని క్యాంపు నుంచి రాశావు. నేను ప్యాకింగ్‌లో ఉన్నదాన్ని నాయనా. గోడౌన్ నిండిపోయి స్కూలు ఆటస్థలంలో రేకుల షెడ్డు వేశారు. అదీ నిండింది. ఇంత సొమ్ము పోసి చేసినవి చూసి మురిసిపోవడానికి ఎవరైనా దాచుకుంటారా? పెట్టె మూత బిగించినప్పుడల్లా నువ్వే గుర్తొస్తున్నావు. నాకు చాలా భయంగా ఉంది.

ఇక అసలు సంగతి. నీలా చేయి తిరిగిన లేత్ మిషన్ పనివాళ్లను సైన్యం నుంచి ఫ్యాక్టరీలు వెనక్కి అడగవచ్చని రూలు వచ్చింది. నీ కోసం ఎవరి కాళ్లూ పట్టుకోనని నాతో ఒట్టు వేయించుకున్నావు. నేను ఫోర్‌మన్ కాళ్లు పట్టుకున్నాను.

"మీవాణ్ని రప్పిస్తానమ్మా. కానీ సైన్యానికి పోకుండా ఆపుకోవడానికి మనకు ఇంతమందే అని లెక్క ఇచ్చారు. ఒకరొస్తే ఒకరు పోవాలి. బుడంకాయ ఇంకా పని నేర్చుకుంటున్నాడు, వాణ్ని పంపేస్తా. సరేనా?" అన్నాడు.

మన బుడంకాయే. నువ్వు చేయి పట్టుకుని లేత్ నేర్పినవాడు, ఎదురింటి టైలరమ్మకు ఒక్కగానొక్క కొడుకు. నేను సరే అన్నాను.

నీకు ఉత్తర్వు రేపోమాపో అందుతుంది. నువ్వు పనిలో చేరిన రోజే వాడికి చెబుతారట, అంతవరకు నన్ను నోరు మెదపవద్దన్నారు. నువ్వు వస్తున్నావని విని టైలరమ్మ పరుగున వచ్చి నన్ను వాటేసుకుంది. "అన్న పక్కనుంటే మావాడికి కొండంత అండ అక్కా" అంది. టీ పెట్టి ఇచ్చాను. వాడేమో నీ మిషన్ తుడిచి, నూనె వేసి, ఎవరినీ ముట్టనివ్వడం లేదు. "అన్న ఎప్పుడొస్తాడు పెద్దమ్మా?" అని కనబడ్డప్పుడల్లా అడుగుతున్నాడు. ఇంకా తెలియదురా అంటున్నాను.

చెబితే రానంటావేమోనని దాచిపెడదామనుకున్నాను. కానీ ఆ మిషన్ దగ్గర వాడి ముఖం చూసి తెలుసుకోవడం కంటే నా దగ్గర వినడం మేలు. తిట్టు. నాతో మాట్లాడకు. నా చేతి ముద్ద ముట్టకు. రావడం మాత్రం మానకు.

ఇంకొక్క మాట. నిన్ను తీసుకురావడానికి ఆ తల్లీ కొడుకులిద్దరూ నాతో స్టేషన్‌కు వస్తామంటున్నారు. నువ్వు ఒక స్టేషన్ ముందే దిగిపో నాన్నా. నేనొక్కదాన్నే అక్కడికి వస్తాను.

ఇట్లు,
నిన్ను కన్నందుకు ఇంత పని చేసిన
మీ అమ్మ