ఒప్పందం, తమ్ముడి షిఫ్టు

2009 ఏప్రిల్, పోలింగుకు ముందు రాత్రి

నిరుడు ఒక ఉదయం చిన్న తమ్ముడు డానియేలు నాచారం దగ్గర అణు ఇంధనం తయారుచేసే ఫ్యాక్టరీకి వెళ్లి, వెంటనే తిరిగొచ్చాడు. నేను కట్టిచ్చిన పప్పన్నం డబ్బా మూత కూడా తీయలేదు. "యురేనియం లేదట అక్కా. కాంట్రాక్టోళ్లను గేటుకాడికెల్లే వాపస్ పంపిన్రు."

ఆ రోజు నుంచి నా నోరు తిరగని ఆ పేరును ఇంటి ప్రార్థనలో చేర్చాను. సముద్రాల అవతలి దేశాలు మనతో ఒప్పందానికి వస్తేనే ఇక్కడ మావాడికి పని దొరుకుతుందట. ప్రభువా, ఎంత దూరాలను ఎంత దగ్గర చేసి పెట్టావు.

ఈ సాయంత్రం ప్రార్థన కాగానే పెద్ద తమ్ముడు పౌలు, యూనియన్ మనిషి, చిన్నోడి మీద అందుకున్నాడు.

"ఆ ఒప్పందం కోసం అమెరికాకు సలాం గొట్టినోళ్లకు ఓటేస్తవారా?"

"నీది పర్మినెంట్ నౌకరి, ఎన్ని ముచ్చట్లయినా జెప్తవ్. సరుకొస్తె నాకు షిఫ్టు దొరుకుతదన్నా."

"ఇయ్యాల ఇచ్చినోడు రేపు బంద్ జేస్తె?"

ఆ మాటకు నాకు దిగులేసింది...

నాన్న పోయినప్పటి నుంచి ఏ గుర్తుకు వెయ్యాలో నేనే చెబుతాను, అందరూ దానికే వేస్తారు. ఇద్దరూ నా వైపు చూశారు. ఇంత పెద్ద సంగతిలో నా మాట చాలదు, ఈసారి చెప్పనన్నాను. ఎవరి ఓటు వారిదే అనుకున్నాం. బూత్‌కు మాత్రం ముగ్గురం కలిసే వెళ్తాం.